పాత రూల్స్, కొత్త రూల్స్ పక్కపక్కన ఆడించబోతున్న మా చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒకే అడ్వెంచర్‌ని 1981 బేసిక్ రూల్స్‌తో ఒకసారి, 2024 రూల్స్‌తో ఇంకోసారి, అదే ఫ్రెండ్స్‌తో ఆడించి ఏది మేలో తేలుస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వింటున్నంతసేపూ గర్వంగానే ఉంది, ఫోన్ పెట్టేశాక టెన్షన్ పట్టుకుంది. మీ అమ్మకి ఇదంతా పాచికలాటే, డీఎం కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో క్యారెక్టర్‌గా ఆడతారని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇది ఎక్కడ చెడుతుందో చూసినదాన్ని కాబట్టి రాస్తున్నా.

మామూలు సంగతులు నీకు తెలుసు. రెండు పుస్తకాలూ ముందే చదువు, ఖాళీ క్యారెక్టర్ షీట్లు ఎక్కువ పెట్టుకో, ఎవరు ఎంతసేపు కూర్చోగలరో అడుగు.

ఒకే అడ్వెంచర్ రెండుసార్లు ఏంట్రా అసలు? రెండోసారికి గోతులెక్కడున్నాయో, నిధి ఏ గదిలో ఉందో వాళ్లకి తెలిసిపోయి ఉంటుంది కదా, ఇంక నువ్వు పోల్చేది రూల్స్‌నా, వాళ్ల జ్ఞాపకశక్తినా? నాలుగైదు గదులవి రెండు చిన్న డంజియన్లు వేరువేరుగా తీసుకో.

లెక్కల దగ్గర ఎక్కువసేపు ఆగకు. బేసిక్‌లో దెబ్బ తగిలిందో లేదో పుస్తకంలో టేబుల్ చూసుకుంటారు. 1989 నాటి రెండో ఎడిషన్‌లో ఆ దెబ్బ లెక్కకి థాకో అనే అంకె ఉంటుంది, పేరు వింటే మీవాళ్లు నవ్వుతారు గానీ అది ఒక్క తీసివేత: థాకో 17, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్, అంటే కవచం అంకె, 4 అయితే ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 13 పడాలి. పాత పద్ధతిలో ఆర్మర్ క్లాస్ ఎంత తగ్గితే అంత మంచిది. 2000లో మూడో ఎడిషన్ దాన్ని తిరగేసింది, అప్పట్నుంచి అంకె ఎక్కువుంటేనే గట్టి కవచం. పది నిమిషాల్లో అర్థమయ్యే ఈ సంగతి పట్టుకుని జనం గంటలు గంటలు వాదించుకుంటారు, నాకు చిరాకు.

నువ్వు చూడాల్సింది వేరే. బేసిక్‌లో తెచ్చుకున్న ఒక్కో బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెరగడానికి ఒక పాయింటు, వస్తుంది, రాక్షసుల్ని చంపితే వచ్చేది చాలా తక్కువ. మొదటి లెవెల్ మేజిక్ యూజర్‌కి, అంటే మంత్రగాడికి, నాలుగు ముఖాల పాచిక మీద పడినన్నే హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), రోజుకి ఒక్క స్పెల్, సున్నాకి వస్తే చావే. రోజంతా పడుకుంటే ఒకటి నుంచి మూడు పాయింట్లు తిరిగొస్తాయి. అందుకే ఆ ఆటలో తెలివైనవాళ్లు కొట్లాటకి దిగరు, లంచమిస్తారు, దొడ్డిదారి వెతుకుతారు, పారిపోతారు. ఎదురుపడ్డ రాక్షసులు కూడా కొట్టడానికే వచ్చారనుకోకు, వాళ్ల మూడ్ ఏంటో రెండు పాచికలేసి చూస్తారు, దెబ్బలు తగిలాక పారిపోతారో లేదో దానికీ పాచికలే. కొత్తదాంట్లో మంత్రగాడు, అంటే విజార్డ్, క్యాంట్రిప్‌లనే చిన్న మంత్రాలు ఎన్నిసార్లయినా వేస్తాడు, సున్నాకి పడినా బతుకుతాడో లేదో తేల్చే డెత్ సేవ్‌ పాచికలు మూడుసార్లు ఫెయిలయితేగానీ పోడు, రాత్రి నిద్రపోతే హిట్ పాయింట్లన్నీ తిరిగొస్తాయి. మరి తలుపు తన్నుకుని లోపలికి దూకరా? దూకుతారు, ఆ ఆట అలా ఆడితేనే సరదా. మీవాళ్లు ఆ అలవాటుతోనే బేసిక్‌లోకి దిగి మొదటి గదిలోనే అందరూ చచ్చి, పాతది చెత్త అని తేల్చేస్తే నీ పోలిక అక్కడికి సరి. ముందే చెప్పు వాళ్లకి, ఇక్కడ కత్తి తీయడం ఆఖరి మాట అని.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. మీ క్యాంపెయిన్‌లో, ఆ సాగుతున్న పెద్ద కథలో, రెండేళ్లుగా ఆడుతున్న క్యారెక్టర్లనే ఈ పాత రూల్స్‌లోకి మార్చుకుంటారటగా. వద్దు. వద్దంటే వద్దు.

మూడో ఎడిషన్ కొత్తగా వచ్చిన రోజుల్లో మా గ్రూప్ రెండో ఎడిషన్ క్యాంపెయిన్ మధ్యలో ఉంది. మా డీఎంకి కొత్త పుస్తకం ఎంత నచ్చిందంటే, ఎవర్నీ అడక్కుండా వారంలో అందరి షీట్లూ మార్చి తెచ్చేశాడు. మాలో ఒకతను యోధుడూ మంత్రగాడూ రెండూ అయిన ఎల్ఫ్‌ని, ఫైటర్-మేజ్‌ని, ఆడేవాడు, పెద్దగా మాట్లాడడు, ఆ ఎల్ఫ్‌గా మాత్రం మాట్లాడేవాడు. పాత రూల్స్‌లో అలాంటి క్యారెక్టర్ రెండు క్లాసుల్లోనూ ఒకేసారి ఎదుగుతుంది, ఎక్స్‌పీ సగం సగం పంచుకున్నా మిగతావాళ్లకంటే ఒక్క లెవెలే వెనకుంటుంది. మేమంతా ఎనిమిది, అతను ఏడు-ఏడు. కొత్త రూల్స్‌లో లెవెళ్లన్నీ కలిపే లెక్క. మా డీఎం అందరికీ ఎనిమిదే ఉండాలని అతన్ని నాలుగు ఫైటర్, నాలుగు విజార్డ్ చేశాడు. కాగితం మీద న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఏడో లెవెల్ మేజ్‌కి నాలుగో స్థాయి స్పెల్స్ ఉంటాయి, నాలుగో లెవెల్ విజార్డ్‌కి రెండో స్థాయితో సరి. ఫైర్‌బాల్ మూడో స్థాయి స్పెల్. మమ్మల్ని ఎన్నోసార్లు బతికించిన ఫైర్‌బాల్ అది, ఒక్క రాత్రిలో మాయమైపోయింది, కథలో దానికి కారణమే లేదు. అతను షీట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మా వాడు కాదే అన్నాడు. మేం నవ్వాం. రెండు వారాలు వచ్చాడు, తర్వాత పని ఉందన్నాడు, ఇంక రాలేదు. అతను రాకపోయేసరికి ఇంకొకరు, ఆ తర్వాత ఆటే లేదు. మూడో ఎడిషన్ మంచిదే, తర్వాత ఏళ్లపాటు ఆడాను, తప్పు దానిది కాదు. ఉన్న కథని పాత రూల్స్‌లోనే ముగించి, కొత్తదాంట్లో కొత్త క్యారెక్టర్లతో మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. ఆ డీఎం మీద కోపం నాకు ఇంకా పోలేదు.

ఎడిషన్ల పేరు చెప్పి విడిపోయింది మేమొక్కళ్లమే కాదులే. 2008లో నాలుగోది వచ్చినప్పుడు చాలా గ్రూపులు రెండుగా చీలాయి, వద్దనుకున్నవాళ్లలో ఎంతోమంది మరుసటి ఏడాది వచ్చిన పాత్‌ఫైండర్ అనే వేరే ఆటకి వెళ్లిపోయారు. నాలుగోదాన్ని ఆడకుండానే తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నువ్వు వాళ్లలో చేరకు.

నిన్ను తిట్టాలని కాదురా. నీకు ఫ్రెండ్స్ అంత తేలిగ్గా దొరకరని నాకు తెలుసు, ఆ టేబుల్ దగ్గర నువ్వెంత సంతోషంగా ఉంటావో మీ అమ్మ చెబుతూనే ఉంటుంది. అందుకే క్యాంపెయిన్ షీట్లని ముట్టుకోకుండా పక్కన పెట్టెయ్. బేసిక్‌కి అందరూ అక్కడే కూర్చుని మూడేసి పాచికలతో వరసగా కొత్తవాళ్లని రోల్ చేసుకోవాలి, ఒక్కొక్కరు ఇద్దర్ని చేసుకుంటే ఇంకా మంచిది, ఒకడు పోయినా రెండోవాడు ఉంటాడు. ఆట అయ్యాక ఏది బాగుంది అని అడక్కు, ఎప్పుడు భయమేసింది, ఎప్పుడు బోర్ కొట్టింది అని అడుగు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు. కుర్చీ ఖాళీగా ఉంటే మేజిక్ యూజర్‌ని నేనే తీసుకుంటా. రెండు హిట్ పాయింట్లు వచ్చినా సరే, నాకోసం పాచికలు మళ్లీ వేయించకు.

పిన్ని