సీఐఎన్ 2కి లేజర్ మేలా, లీప్ మేలా?

గర్భాశయ ముఖద్వారంలో సీఐఎన్ 2 (క్యాన్సర్ కాదు గానీ, వదిలేస్తే అలా మారే అవకాశమున్న కణాల తేడా) ఉంది, లేజర్‌తో కాల్పించుకోవచ్చా అని మీ ప్రశ్న. కాల్పించుకోవచ్చు, పనిచేస్తుంది. కాకపోతే ఆవిరైపోయిన కణజాలాన్ని ల్యాబ్‌కి పంపలేరు. లోపల క్యాన్సర్ దాగి ఉంటే అదీ పొగలోనే పోతుంది. లీప్ అయితే వైరు లూపుతో కోసిన ముక్క చేతికొస్తుంది. నేనైతే లీప్ వైపే.

కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. కణాల్లోని నీళ్లు దాన్ని ఇట్టే పీల్చేసుకుంటాయి, అందుకే వేడి పైపైనే ఆగుతుంది. కోల్పోస్కోపులో (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూస్తూ 3-5 శాతం ఎసిటిక్ యాసిడ్ అద్దితే తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. దాని చుట్టూ హద్దు గీసి, ముఖద్వారం కింది పెదవి (కింది అంచు) నుంచి మొదలుపెడతారు. పైనుంచి మొదలుపెడితే కారే రక్తం కింద చెయ్యాల్సిన చోటును కప్పేస్తుంది. లోతు మాత్రం దాదాపు 7 మిల్లీమీటర్లు ఉండాల్సిందే. గ్రంథుల సందుల్లోకి దిగిన చెడ్డ కణాలు పైపొర ఒక్కటీ కాలిస్తే పోవు, కొత్త చర్మం కింద మిగిలిపోతాయి.

చెయ్యి తిరగనివాళ్లు బెడిసికొట్టించేది పవర్ దగ్గరే. భయపడి వాట్లు తగ్గించి, ఒకేచోట ఎక్కువసేపు నిలుపుతారు. నల్లగా బొగ్గు కడుతుంది. ఆ బొగ్గు వేడెక్కి పక్క కణజాలాన్ని ఉడికిస్తుంది, మానడం ఆలస్యమవుతుంది. కిరణం పడే చుక్క వ్యాసం రెట్టింపైతే అదే 20 వాట్ల సాంద్రత (అంటే అంతే చోటుపై పడే శక్తి) నాలుగో వంతుకు పడిపోతుంది. చుక్క చిన్నదిగా పెట్టి చకచకా కదపాలి. చిన్న రక్తనాళం కారితే ఫోకస్ కాస్త తప్పించి వెడల్పు చేస్తే మూసుకుంటుంది.

ఇక ఆ పొగ! అందులో హెచ్‌పీవీ (సీఐఎన్‌కు కారణమయ్యే వైరస్) డీఎన్‌ఏ దొరికింది. పొగ లాగే గొట్టం మూతి గాయానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఎక్కడో మూలన పెట్టి ఆన్ చేశామంటే చాలదు. స్పెక్యులం (యోనిని తెరిచి ఉంచే పరికరం) కూడా మెరుపు లేనిదై ఉండాలి, లేదంటే కిరణం తిరిగి కొడుతుంది.

"యోని పునర్‌యవ్వనం" అంటూ ఇదే లేజర్‌ను అమ్మేవాళ్ల మాట వేరు. 2018 జులైలోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, కాలిన గాయాలూ మచ్చలూ ఉన్నాయని. సీఐఎన్ లేజర్‌తో దాన్ని కలిపి చూడకండి.

మీ రిపోర్టులో మూడు చూసుకోండి: ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ (ముఖద్వారంలో ఈ తేడాలు మొదలయ్యే ప్రాంతం) అంతా కనిపించిందా, బయాప్సీ అయిందా, గ్రంథి కణాలు మామూలుగానే ఉన్నాయా. ఏ ఒక్కటి తేడా వచ్చినా లేజర్‌తో ఆవిరి చేయించుకోవద్దు, ముక్క తీయించుకోండి.