తిరుపతి నుంచి పుదుచ్చేరి వెళ్తే వైట్ టౌన్‌లో ఏ పూట ఎక్కడ తినాలి?

అడిగింది ఇదీ: “ఈ శని, ఆదివారాలు తిరుపతి నుంచి కార్లో పుదుచ్చేరి వెళ్తున్నాం. అమ్మ, నాన్న, అవ్వ గుడ్డు కూడా ముట్టరు. పిల్లలకు కేకులూ క్రోసాంట్లూ కావాలి. బావమరిది సముద్రం చూస్తూ ఒక బీరు తాగాలంటున్నాడు. వైట్ టౌన్‌లో అందరికీ సరిపోయే మంచి చోటు ఒక్కటి చెప్పండి.”

అందరికీ సరిపోయే ఒక్క చోటు లేదండీ. అలా వెతికేవాళ్లే అక్కడ డబ్బు పోగొట్టుకుని అర్ధాకలితో తిరిగొస్తారు. హోటల్ పేరు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఏ వేళకు వెళ్లి కూర్చోవాలో తెలుసుకోండి.

మన గాంధీ రోడ్డు టిఫిన్ హోటల్లో ఇడ్లీ, వడ, కాఫీ ముగించి లేవడానికి పావుగంట పడుతుంది. మనం చెయ్యి కడక్కముందే కుర్చీ వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. అంటే ఒక బల్లకు గంటలో నాలుగు బేరాలు. వైట్ టౌన్ కఫేలో అదే బల్ల దగ్గర ఇద్దరు రెండు కాఫీలు పెట్టుకుని గంటన్నర కూర్చుంటారు, లేవమని ఎవరూ అనరు. ఆరు బేరాలు జరగాల్సిన చోట ఒక్కటి జరుగుతుంది. ఆ తేడా అంతా కాఫీ ధరలోకి వచ్చి చేరుతుంది. “ఇంత కాఫీకి ఇంత డబ్బా?” అని గొణుక్కుంటే లాభం లేదు, అక్కడ కట్టేది కుర్చీకి అద్దె. ఎటూ అద్దె కడుతున్నాం కాబట్టి గాలీ నీడా ఉన్న పూట, జనం తక్కువున్న పూట చూసి కట్టాలి. కడుపు నింపుకోవడానికి మాత్రం కాలవ దాటాలి. ఊరి మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగే పెద్ద కాలవే హద్దు. దానికి తూర్పున, సముద్రం వైపు ఉన్నది ఫ్రెంచి వాళ్లు కట్టుకున్న వైట్ టౌన్. పడమర తమిళుల ఊరు. నడిచి దాటడానికి పది నిమిషాలు చాలు.

శుక్రవారం రాత్రికే చేరుకునేలా బయల్దేరండి. దారి ఐదు గంటలు పడుతుంది. శనివారం పొద్దున బయల్దేరితే ఆ ఊళ్లో అన్నిటికన్నా మంచి పూట దారిలోనే పోతుంది. బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం 6 నుంచి పొద్దున 7:30 దాకా బండ్లు రానివ్వరు. బండ్లు మొదలయ్యేలోపే అక్కడ ఉండాలి. ఒడ్డున బండరాళ్ల పక్కనే లె కఫే ఉంది, ప్రభుత్వ పర్యాటక అభివృద్ధి సంస్థ నడిపేది. అక్కడ ఒక కాఫీ, కొంచెం టోస్టు చాలు.

కాఫీ విషయంలో పెద్దవాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. క్యాపుచినోకు పాలను ఆవిరితో 60, 65 డిగ్రీల దాకానే కాస్తారు. 70 దాటితే పాల తీపి తగ్గి ఉడుకు వాసన వస్తుంది, నురగ నిలవదు. మనం ఫిల్టర్ కాఫీలో పోసేవి పొంగిన పాలు. అందుకే క్యాపుచినో నోట్లో పెట్టగానే మనవాళ్లకు చల్లారిపోయినట్టు ఉంటుంది, వెనక్కి పంపుతారు, మళ్లీ వేడి చేసి తెచ్చింది ఇంకా పాడై వస్తుంది. పొగలు కక్కే కాఫీ కావాలంటే కాలవ దాటి నెహ్రూ వీధిలో ఇండియన్ కాఫీ హౌస్‌కు వెళ్లండి.

పిల్లల క్రోసాంట్ 9 గంటల లోపే అయిపోవాలి. పిండినీ వెన్ననూ పొరలుగా పరిచి మూడేసి మడతలు మూడుసార్లు వేస్తే వెన్న 27 పొరలవుతుంది. పొయ్యి వేడికి ఆ వెన్నలోని నీరు ఆవిరై పొరల్ని విడదీస్తుంది. వెన్న 35 డిగ్రీలకల్లా కరిగిపోతుంది కాబట్టి, పిండి పొంగే గది వేడెక్కితే కాల్చకముందే వెన్న కారి అడుగున నూనెలా చేరుతుంది. కొనేముందు చేతిలోకి తీసుకోండి. చూపుకు పెద్దగా, చేతికి తేలిగ్గా ఉండాలి. అడుగు జిడ్డుగా ఉండకూడదు. విరిస్తే చప్పుడై బల్లంతా పొట్టు రాలాలి, లోపల తేనెపట్టులా గదులు కనపడాలి. తిన్నాక అంగిలికి మైనంలా పూత పట్టిందంటే అందులో వేసింది వెన్న కాదు, మన బేకరీ పఫ్‌లో వేసే లాంటి మార్గరీనే. పొద్దున ఎంత బాగా కాల్చినా సముద్రపు తేమకు పదకొండు గంటలకల్లా మెత్తబడి సాగుతుంది. సాయంత్రం కొనేవాళ్లంతా “ఇందులో ఏముంది” అని పెదవి విరవడానికి కారణం ఇదే. బుస్సీ వీధిలో బేకర్ స్ట్రీట్ అనే బేకరీ ఉంది, తెరవగానే వెళ్లండి.

ఇక మధ్యాహ్నం. శనివారం ఒకటిన్నరకు వైట్ టౌన్‌లో ఏ మంచి హోటల్ ముందు నిలబడినా కనపడేది ఒకటే. మన వైపు నుంచి వచ్చిన ఏడుగురు. గుమ్మం దగ్గర పేరు రాయించుకుని పసుపు గోడ పక్కన అరగంటగా నిలబడ్డారు, నీడ చెయ్యి వెడల్పు కూడా లేదు. లోపల మండువాలో బల్ల దొరికింది. గాలి గోడ అవతలే ఆగిపోయింది. ఏడుగురూ ఏడు రకాలు చెప్పారు. ఇక్కడే అసలు చిక్కు. 1761లో ఇంగ్లీషు వాళ్లు ఫ్రెంచి పట్టణాన్ని పడగొట్టారు. ఆ తర్వాత మళ్లీ కట్టుకున్న వీధుల్లోని పాత ఇళ్లే ఇప్పుడు హోటళ్లు. అవి కాపురాలకు కట్టినవి, వంటిల్లు వెనక ఒక గది. ఏడు రకాలంటే ఏడు బాణళ్లు, ఉన్న పొయ్యిలు నాలుగైదు. మొదటి ప్లేటు నలభై నిమిషాలకు వస్తుంది, చివరిది వచ్చేసరికి మొదటివాళ్ల తిండి అయిపోతుంది. అవ్వ ముందు ఉల్లిపాయ సూపు పెట్టారు, ‘వెజ్’ అనుకుని చెప్పింది. చెంచా నోటి దాకా తెచ్చి ఆపి, “ఇదేం వాసనరా?” అంది. మనవడు సర్వరును పిలిచి అడిగాడు. అతను దాచలేదు, మాంసం ఎముకలు ఉడికించిన నీళ్లతో చేస్తామన్నాడు. అవ్వ చెంచా కింద పెట్టేసింది. ఆమెకు ఆ పూట దక్కింది రొట్టె ముక్కా వెన్నా. ఆ బల్ల మీద ఎవరికీ తర్వాత తిండి సహించదు.

ఇందులో హోటల్ తప్పు లేదు. ఫ్రెంచి పద్ధతిలో ఉల్లిపాయ సూపుకు గొడ్డు ఎముకల రసమే మూలం. కూరగాయలు కనపడితే శాకాహారం అనుకోవడం మన పొరపాటు. కాబట్టి సూపుకైనా సాసుకైనా అడగాల్సిన మొదటి ప్రశ్న “స్టాక్ దేనిది?” అని, అంటే దేన్ని ఉడికించిన నీళ్లు అని. ‘వెజ్ ఉందా’ అని అడిగితే ఉందనే అంటారు, అది చాలదు. గుడ్డు ముట్టనివాళ్లు తీపి క్రేప్ (పల్చటి అట్టు), కీష్ (పిండి గిన్నెలో పోసి కాల్చేది), బ్రియోష్ (మెత్తటి వెన్న రొట్టె) వదిలేయాలి, మూడింటిలోనూ గుడ్డు ఉంటుంది. క్రోసాంట్ పిండిలో గుడ్డు లేకపోయినా పైన మెరుపు కోసం పూసేది చాలా చోట్ల గుడ్డే. మూస్, పన్నా కోటా లాంటి వణికే తీపి పదార్థాల్లో జెలటిన్ ఉండొచ్చు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కొన్ని విదేశీ చీజ్‌లకు పాలు విరవడానికి దూడ పొట్టలోని రెన్నెట్ వాడతారు. పుదుచ్చేరి క్రిస్మస్ కేకులో రమ్ము పడుతుంది. ధైర్యంగా తినదగినవీ ఉన్నాయి. బగెట్ రొట్టెలో పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప ఇంకేమీ ఉండదు. రటటూయి అంటే వంకాయ, టమాటా, క్యాప్సికం, జుకినీ ఆలివ్ నూనెలో మగ్గబెట్టింది, మన వంకాయ టమాటా కూర తిన్న నోటికి కొత్తేమీ కాదు. గాలెట్ అనే కారం అట్టు బక్‌వీట్ పిండితో పోస్తారు, గుడ్డు వేశారేమో అడిగి తినండి.

ఇంత విచారణ పెద్దవాళ్లను ఆకలితో కూర్చోబెట్టి చేయకూడదు. మధ్యాహ్నం పన్నెండుంపావుకే కాలవ దాటి మిషన్ వీధి వైపు వెళ్లిపోండి. సుర్గురు లాంటి శాకాహార హోటళ్లు ఉన్నాయి, అన్నం, సాంబారు, కూర, మజ్జిగ కూర్చోగానే వస్తాయి. అవ్వ తృప్తిగా తింటే తర్వాత రెండు గంటలు అందరూ నిద్రపోవచ్చు. వైట్ టౌన్‌లో చాలా వంటిళ్లు మూడు నుంచి ఆరున్నర దాకా ఎలాగూ మూసే ఉంటాయి.

సాయంత్రం గురించి ఒక భ్రమ ఉంది. మేడ మీద కూర్చుని సముద్రంలో సూర్యాస్తమయం చూడొచ్చని చాలామంది ఐదింటికే బల్ల పట్టుకుంటారు. అది తూర్పు తీరం. సూర్యుడు మన వీపు వెనక ఊళ్లోకి దిగుతాడు, సముద్రం ముందే నల్లబడుతుంది. అక్కడ చూడాల్సింది చంద్రోదయం. పౌర్ణమి శనివారం దగ్గర్లో ఉంటే ఆ వారమే వెళ్లండి. మేడ మీద గాలి బాగుంటుంది, తిండి మాత్రం ఐదు నిమిషాల్లో చల్లారుతుంది, కాబట్టి అక్కడ వేపుళ్లు, చల్లని తాగుళ్లు చెప్పుకోండి. నిదానంగా భోంచేయాలంటే కింద మండువాలే బాగుంటాయి. సఫ్రెన్ వీధిలో విల్లా శాంతి అలాంటిదే. రెండు మూడు రోజుల ముందే బల్ల చెప్పి ఉంచుకోండి, ఏడింటికే కూర్చోండి, ఏడుగురికీ కలిపి మూడు రకాలకు మించి చెప్పకండి. దోమలుంటాయి, కూర్చోగానే బల్ల కింద దోమల కాయిల్ పెట్టమనండి.

చేపలు తినేవాళ్లు తేదీ చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వంజరం ముక్క దొరికినా అది చాలావరకు మంచుపెట్టెలోదే. “ఈ రోజు ఏం చేప వచ్చింది?” అని అడగండి, సర్వరు తడుముకోకుండా ఒకే పేరు చెబితే అదే తెప్పించుకోండి.

బావమరిది బీరు సంగతి. కఫే అని పేరున్న ప్రతి చోటా మందుకు లైసెన్సు ఉండదు, కూర్చోకముందే అడగాలి. బీచ్ రోడ్డు మీద, బండరాళ్ల మీద తాగకూడదు. ఉక్క వేళ 650 మిల్లీలీటర్ల సీసా సగానికి వచ్చేసరికి వెచ్చబడి చేదెక్కుతుంది, 330 చిన్నది ఒక్కొక్కటే తెప్పించుకుంటే చివరి గుక్క దాకా చల్లగా ఉంటుంది. బిల్లులో తిండికి జీఎస్టీ, మందుకు వ్యాట్ వేరువేరుగా ఉండాలి. సర్వీసు ఛార్జీ తనంతట తానే బిల్లులో చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగొచ్చు, వడ్డించిన మనిషికి ఆ డబ్బు చేతికే ఇవ్వండి. కారు నడిపేవాళ్లు మాత్రం ఒక్క గుక్క కూడా వద్దు, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. చవక అని సీసాలు డిక్కీలో వేసుకోకండి, తిరుగుదారిలో తమిళనాడు, ఆ తర్వాత మన రాష్ట్రం, రెండు చోట్లా తనిఖీ ఉంటుంది.

ఇదంతా రాస్తున్నప్పుడు ఎప్పటినుంచో ఉన్న బాధ మళ్లీ పైకొస్తోంది. నీళ్ల పక్కన నిదానంగా కూర్చుని కాఫీ తాగడానికి మనం ఐదు గంటలు ఎందుకు పోవాలి? రైల్వే స్టేషన్ దిగగానే గోవిందరాజస్వామి కోనేరు ఉంది. తెప్పోత్సవం రోజుల్లో దీపాల మధ్య ఆ నీళ్లను చూడ్డానికి ఊరంతా వస్తుంది. మిగతా రోజుల్లో దాని పక్కనుంచే వెళ్తూ అటు తల తిప్పం. మన హోటళ్లు రోడ్డుకే ముఖం పెట్టాయి, కోనేటి వైపు కిటికీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. కాఫీ మనదే బాగుంటుంది, చెనక్కాయల చట్నీతో కారం దోసె ముందు ఏ క్రేపూ నిలవదు. తక్కువైంది కూర్చోనివ్వడమే. కోనేటికి ఎదురు వరసలో ఏ పాత మేడైనా చాలు. మేడ మీద పది బల్లలు, పైన తాటాకు పందిరి, గుడి మర్యాదకు తగ్గట్టు శుద్ధ శాకాహారం, పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 9. కాఫీ కింద హోటల్లో కన్నా రెట్టింపు ధర పెట్టినా పరవాలేదు, గంట సేపు లేవమనకూడదు. సుప్రభాతం వేళకు తూర్పు తెల్లబడుతుంటే డికాషన్ దిగుతున్న వాసన ఆ మెట్ల దాకా రావాలి. అలాంటి మేడ ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆరు కుర్చీలతోనైనా మొదలుపెట్టండి.