టెర్వార్‌ని "మట్టి రుచి" అనొచ్చా?

సందేహం: హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లల కోసం వైన్ పాఠం ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో షార్డొనే అనే తెల్ల ద్రాక్ష గురించి చెప్పే చోట ఆగిపోయాను. ద్రాక్ష పండిన చోటు వైన్‌కిచ్చే గుణాన్ని terroir అంటారు కదా, ఆ ఫ్రెంచి మాటని టెర్రాయిర్ అని రాయాలా, తెర్వార్ అనా? దానికి "మట్టి రుచి" అని పెడితే సరిపోతుందా? "సున్నపురాయిలోని ఖనిజాలు వైన్‌కి రుచినిస్తాయి" అని ఒక వాక్యం రాశాను. "క్లిమా"కి వాతావరణం అని, గ్రాండ్ క్రూకి ఉత్తమ శ్రేణి అని, ప్రెమియే క్రూకి మొదటి తరగతి అని రాశాను. తప్పులుంటే చెప్పండి. – ఒక పాఠకురాలు

సమాధానం: ఉచ్చారణ సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా, అది చిన్నది. స్పెల్లింగ్ చూసి టెర్రాయిర్ అని రాయకండి. ఫ్రెంచివాళ్ల నోట్లో అది తెర్వార్‌కి దగ్గరగా వినపడుతుంది, వాళ్ల త మన త లాంటిదే. కానీ ఈ మాట మనకి ఇంగ్లీషు మీదుగా వచ్చింది కాబట్టి టెర్వార్ అంటేనే మనవాళ్ల నోటికి పడుతుంది, నేనూ అదే వాడుతున్నా. అలాగే బర్గండీలో ఊరి పేరు చాబ్లిస్ కాదు షాబ్లీ, తోట పేరు మోంట్రాచెట్ కాదు మోంరాషే, అందులో రెండు ట-లూ పలకవు.

ఇక "మట్టి రుచి". ఇది వద్దు. తెలుగులో మట్టి రుచి అంటే మెచ్చుకోలు కాదు, చెరువు చేప మట్టి కొడుతోంది అంటాం, బిందె కడక్కపోతే నీళ్లు మట్టి వాసనొస్తున్నాయి అంటాం. మీ పాఠం చదివిన పిల్లాడు రేపు గెస్టు ముందు నిలబడి ఈ వైన్‌లో మట్టి రుచి బాగుంటుందండీ అంటే ఆయన గ్లాసు కింద పెట్టేస్తాడు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే టెర్వార్ అంటే మట్టి ఒక్కటే కాదు. నేల వాలు, ఆ వాలు ఏ దిక్కుకి తిరిగి ఉంది, ఎంత ఎత్తులో ఉంది, వాన నీళ్లు ఎంత తొందరగా ఇంకిపోతాయి, ఎండ ఏ వేళకి తగుల్తుంది, చలిగాలి ఎక్కడ నిలబడిపోతుంది, వీటికి తోడు తరతరాలుగా అక్కడివాళ్లు తీగని ఎలా సాకుతున్నారు, ఇదంతా కలిస్తే టెర్వార్.

మోంరాషే దగ్గరికి వెళ్తే ఇది కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. ఫ్రాన్సులో బోన్ అనే ఊరికి దక్షిణాన పులీన్యీ, షసాన్య్ అని రెండు పల్లెలున్నాయి, 1879లో ఈ రెండూ ఆ తోట పేరుని తమ ఊరి పేరుకి తగిలించుకుని పులీన్యీ-మోంరాషే, షసాన్య్-మోంరాషే అయ్యాయి, తోటకి అంత పేరు మరి. విస్తీర్ణం చూస్తే దాదాపు 8 హెక్టార్లు, మన లెక్కలో 20 ఎకరాలు, అంతే. అదే వాలు మీద దానికి ఎగువన షవాలియే-మోంరాషే, దిగువన బతార్-మోంరాషే. మూడూ గ్రాండ్ క్రూలే, అంటే బర్గండీలో తోటలకుండే అన్నిటికంటే పై హోదా ఉన్నవే, మూడింట్లోనూ ఉన్నది షార్డొనేనే. ఎగువన షవాలియేలో వాలు ఎక్కువ, మట్టి పలచన, రాళ్లు ఎక్కువ, అక్కడి వైన్ సన్నగా, పదునుగా ఉంటుందని చెప్తారు. దిగువన బతార్‌లో నేల దాదాపు చదును, మట్టి లోతుగా ఉంటుంది, బంకమన్ను పాలు ఎక్కువ, అక్కడి వైన్ చిక్కగా బరువుగా ఉంటుంది. నడిమి మోంరాషేకి తూర్పు, ఆగ్నేయ దిక్కుల ఎండ పొద్దున్నే తగుల్తుంది, నీళ్లు నిలవవు, అలాగని నేల ఒట్టి రాళ్లూ కాదు, అందుకే ఆ పదునూ ఈ బరువూ రెండూ ఒకే గ్లాసులో దొరుకుతాయని వైన్ తెలిసినవాళ్లు దాన్ని అన్నిటికంటే పైన పెట్టారు. మోంరాషేకీ బతార్‌కీ మధ్య అడ్డం ఉన్నది ఒక చిన్న రోడ్డు! విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మన సామెత, అది విత్తు వైపు మాట్లాడుతుంది, టెర్వార్ అనే ఆలోచన నేల వైపు మాట్లాడుతుంది. ద్రాక్షని ఎలాగూ విత్తనం వేసి పెంచరు, కొమ్మ కోసి అంటు కడతారు కాబట్టి రకం మారదు, మారేదల్లా చోటే.

ఇందుకు షార్డొనేనే ఎందుకు చెప్తారంటే దానికి సొంత వాసన తక్కువ. మస్కట్ లాంటి ద్రాక్ష ఎక్కడ పండినా తన వాసన తను చాటుకుంటుంది, షార్డొనే అలా కాదు, చోటుని బట్టీ చేసేవాడి చేతిని బట్టీ మారిపోతుంది. చెయ్యి అన్నానని దాన్ని తీసిపారెయ్యకండి, బోన్ చుట్టుపక్కల ఓక్ పీపాల్లో పులియబెట్టడం మామూలు, షాబ్లీలో చాలామంది స్టీల్ ట్యాంకుల్లో చేస్తారు, ఆ తేడా కూడా నాలుకకి తెలుస్తుంది, దాన్ని పట్టుకుని అంతా నేల పనే అనేస్తే తప్పవుతుంది.

ఇప్పుడు మీ ఖనిజాల వాక్యం. ఇదొక్కటి మాత్రం తప్పకుండా మార్చండి, ఎందుకంటే ఇది భాష తప్పు కాదు, విషయమే తప్పు. షాబ్లీ కొండవాలు కింద కిమ్మెరిడ్జియన్ అనే పొర ఉంది, సున్నం కలిసిన బంకమన్ను, సున్నపురాయి, దాదాపు 15 కోట్ల ఏళ్ల నాటిది, ఒకప్పుడు అది సముద్రం అడుగు. ఆ రాయి ముక్క ఒకటి చేతిలోకి తీసుకుంటే అందులో కామా గుర్తులా వంకర తిరిగిన బుల్లి గుల్లలు గుంపులు గుంపులుగా కనపడతాయి, ఎక్సోజైరా విర్గులా అని వాటి పేరు. షాబ్లీ వైన్‌ని పచ్చి సముద్రపు గుల్లలతో (ఆయిస్టర్లతో) కలిపి తాగడం కూడా ఫ్రాన్సులో అలవాటే, దాంతో ఆ గుల్లల రుచే వేళ్ల మీదుగా వైన్‌లోకి ఎక్కిందని రాసేస్తుంటారు. అలా ఎక్కదు. తీగ వేళ్లు నేలలోంచి తీసుకునేది నీళ్లూ, ఆ నీళ్లలో కరిగిన కొద్దిపాటి పోషకాలూ. రుచీ వాసనా తీగ తన ఆకుల్లో పళ్లలో తనే తయారుచేసుకుంటుంది, మిగతాది ఈస్టు చేస్తుంది. వైన్‌లో మిగిలే ఖనిజాలు నాలుకకి తెలిసేంత ఉండవు, పైగా రాయికి చాలావరకు రుచే లేదు. వేల్స్‌లో అబెరిస్ట్‌విత్ యూనివర్సిటీ భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఈ సంగతే ఓపిగ్గా చెప్తూ వచ్చారు. మరి తాగినవాళ్లకి తడి రాయిలాగా, అగ్గిరాయిలాగా తోచడం అబద్ధమా అంటే కాదు, తోచడం నిజమే, అది వైన్‌లోని పులుపు వల్లా కొన్ని గంధకపు పదార్థాల వల్లా అయ్యుండొచ్చని అనుకుంటున్నారు, పూర్తిగా ఇంకా తేలలేదు.

అంటే నేల ఏమీ చెయ్యదని కాదు, బోలెడు చేస్తుంది, కానీ దారి వేరు. ఆ నేల వానొస్తే ఎక్కువైన నీళ్లని వదిలేస్తుంది, ఎండ కాస్తే దాచుకున్న తడిని కొద్దికొద్దిగా ఇస్తుంది, తీగ బలమంతా ఆకుకే పోకుండా గుత్తికి పోతుంది, షాబ్లీలో చలి ఎక్కువ కాబట్టి పండు నెమ్మదిగా పండి పులుపు నిలబడుతుంది. ఇంకో మాట, అదే కిమ్మెరిడ్జియన్ మామూలు షాబ్లీ తోటల కింద కూడా చాలాచోట్ల ఉంది, రాయి ఒక్కటే కారణమైతే అవన్నీ గ్రాండ్ క్రూ అయిపోవాలి కదా. కాలేదు. గ్రాండ్ క్రూ అయినది సెరాన్ నది కుడి ఒడ్డున, నైరుతికి తిరిగి మధ్యాహ్నం ఎండని గట్టిగా పట్టుకునే ఒకే ఒక్క వాలు, సుమారు 100 హెక్టార్లు, అందులో పేరున్నవి 7. కాబట్టి మీ వాక్యం ఇలా రాసుకోండి: "సున్నపు నేల తీగకి నీళ్లు అందే తీరుని మారుస్తుంది, ఆ తేడా వైన్ పులుపులోనూ బరువులోనూ తెలుస్తుంది."

టెర్వార్‌కి తెలుగు మాట లేదా అంటే, స్థలమహిమ అని కొందరు వాడుతున్నారు, విన్నాను. వినడానికి సొంపుగానే ఉంది కానీ మహిమ అన్నాక ఇక ఎందుకూ అని అడగలేం, పైన చెప్పిందంతా ఎందుకు అని అడిగితే తెలిసిన సంగతులే. నేల గుణం అన్నది రైతు మాట, మంచి మాట, కాకపోతే ఎండా గాలీ వాలూ బయటే ఉండిపోతాయి. నన్నడిగితే పాఠంలో టెర్వార్ అనే ఉంచి మొదటిసారి వచ్చినచోట "చోటు గుణం" అని విప్పి చెప్పండి. మిగతాచోట్ల మాత్రం ఇంగ్లీషు మాటల జోలికి పోవద్దు, మనకి రేగడి, చెలక, చవుడు, మెట్ట, పల్లం, ఎగువ, దిగువ అని నేల మాటలు ఎన్నున్నాయో, ఈ పాఠంలో అవి వాడకపోతే ఎక్కడ వాడతాం?

క్లిమాకి వాతావరణం అని రాయడం పూర్తిగా తప్పు. మామూలు ఫ్రెంచిలో ఆ అర్థమే, అందుకే మీరు పొరబడ్డారు, కానీ బర్గండీలో క్లిమా అంటే హద్దులున్న, పేరున్న ఒక తోట ముక్క. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఇలాంటి 1,247 ముక్కల్ని, వాతావరణాన్ని కాదు. దీనికి మన ఊళ్లలో వాడే "చెక్క" చక్కగా సరిపోతుంది. రావిచెట్టు చెక్క, గుట్ట చేను, చెరువు కింద మడి అని మనం ఎలా పిలుచుకుంటామో అక్కడా అంతే, షాబ్లీలో గ్రెనూయ్ అంటే కప్పలు, నది పక్కన ఉంది కనక, బర్గండీలోనే మెర్సో అనే ఊళ్లో పెర్యేర్ అంటే రాళ్లు తవ్విన చోటు. అందుకే ఈ పేర్లని అనువాదం చెయ్యకుండా అలాగే ఉంచి పక్కన అర్థం చెప్తే పిల్లలకి గుర్తుంటాయి.

చివరగా క్రూ. బర్గండీలో ఈ హోదా కంపెనీది కాదు, నేలది. మోంరాషేకి ఓనర్లు పదిహేనుమందికి పైనే ఉన్నారు, ఎవరి సీసా మీదైనా గ్రాండ్ క్రూ అనే ఉంటుంది, ఎవరి చెయ్యి బాగుందో వేరే సంగతి. "ఉత్తమ శ్రేణి వైన్" అని రాస్తే హోదా సీసాకి పోతుంది, "ఉత్తమ శ్రేణి తోట" అంటే సరి. ప్రెమియే క్రూకి మొదటి తరగతి అని మాత్రం అస్సలు వద్దు, మాటకి మాట పెడితే అర్థం అదే కానీ బర్గండీలో అది రెండో మెట్టు, దాని పైన గ్రాండ్ క్రూ ఉంది. ఫ్రాన్సులోనే ఇంకో వైన్ ప్రాంతం బోర్డోలో అయితే 1855 వర్గీకరణలో ప్రెమియే క్రూనే అన్నిటికంటే పైది, అక్కడ హోదా షాతోకి, అంటే వైన్ చేసే ఎస్టేటుకి ఇస్తారు, మీ పాఠంలో రెండు ప్రాంతాలూ ఉంటే పిల్లలు తికమకపడతారు. గ్రాండ్ క్రూ, ప్రెమియే క్రూ అనే ఉంచి పై మెట్టు, దాని కింది మెట్టు అని చెప్పండి. మెర్సోలో అసలు గ్రాండ్ క్రూ లేదు, ఆ ఊరి పెర్యేర్‌కి ఆ హోదా ఇవ్వాల్సిందని చాలామంది అంటారు గానీ ఇప్పటికీ అది ప్రెమియే క్రూనే, మీ మూలంలో ఎక్కడైనా మెర్సో గ్రాండ్ క్రూ అని ఉంటే అది మూలం తప్పే, మీరు దిద్దుకోండి.