ఆరంగుళాలన్నాడు, మూడున్నరే పోశాడు: కాంట్రాక్టరు మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇల్లు కొబ్బరి తోటలో ఉంటుంది. గేటు నుంచి ఇంటిదాకా 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున సిమెంటు రోడ్డు వేయమని ఏప్రిల్‌లో ఒక కాంట్రాక్టరుకు ఇచ్చాను. మెటీరియల్‌తో సహా చదరపు అడుగు రూ.150. ఆరంగుళాల మందం, కాంక్రీటు బలం ఎం20 గ్రేడ్ అన్నాడు. అగ్రిమెంటు రాసుకోలేదు. ఎరువుల షాపు బిల్లు వెనక ఆయనే ఈ లెక్కంతా రాసిచ్చాడు. ఫోన్‌పేలో 60 వేలు, చేతికి 20 వేలు ఇచ్చాను. మిగతా 28 వేలకు తేదీ వేయని చెక్కు తీసుకున్నాడు. వానలు మొదలయ్యేసరికి పైపొర పెచ్చులు లేస్తోంది, రెండుచోట్ల అడ్డంగా బీటలిచ్చింది. బోదె వైపు మట్టి జారి అంచు బయటపడితే టేపు పెట్టి చూశాను. మూడున్నర అంగుళాలే ఉంది. అడిగితే ‘ధాన్యం ట్రాక్టరు మీరే ఎక్కించారు, నల్లమట్టిలో బీటలు మామూలే’ అంటున్నాడు. పైగా చెక్కు బ్యాంకులో వేస్తానని బెదిరింపు. మా అబ్బాయి చీటింగ్ కేసు పెడదామంటాడు. నాకేమో మొత్తం పగలగొట్టించి వేరేవాళ్లతో వేయించుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: పగలగొట్టడం ఒక్కటీ ఇప్పుడు చేయకండి. మీకున్న సాక్ష్యాల్లో అసలైనది ఆ రోడ్డే. దాన్ని తవ్వి గట్టు మీద పారబోశాక మీ చేతిలో నాలుగు ఫొటోలు మిగులుతాయి. ఆ ఫొటోలు వేరేచోటివని ఆయన అంటే మీ దగ్గర జవాబుండదు. ఇలాంటి గొడవల్లో చట్టం అండ లేక ఓడిపోయినవాళ్ల కన్నా, కోపం ఆపుకోలేక ముందే బ్రేకర్ పెట్టించి ఓడిపోయినవాళ్లే ఎక్కువ.

అగ్రిమెంటు లేదని దిగులు వద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, దాన్ని రుజువు చేయడమే కష్టం. మీకు ఆ కష్టం కూడా చాలావరకు తప్పింది. పొడవు, వెడల్పు, మందం, గ్రేడ్, రేటు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. ఆ బిల్లును లామినేషన్ చేయించకండి. రాత నాది కాదని ఆయన అడ్డం తిరిగితే నిపుణుడి పరీక్షకు పంపాల్సింది ఆ అసలు కాగితాన్నే. ఫోన్‌పే చెల్లింపులకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. చేతికిచ్చిన 20 వేలకు రసీదు లేదు కాబట్టి, ఆ డబ్బు ముట్టినట్టు ఆయన వాట్సాప్‌లో ఎక్కడైనా అన్నాడేమో వెతకండి. దొరికితే ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్‌లో ఈ పట్టింపులు కాస్త తక్కువే అయినా, పెట్టి ఉంచితే ఎదుటివాళ్లకు ఒక సాకు తగ్గుతుంది.

కేసు వేయాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. డబ్బు తీసుకుని చేసే పనిలో లోపముంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని సేవాలోపం అంటుంది. ఇల్లు కట్టే పని కూడా సేవేనని సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 1993లోనే తేల్చింది. అయితే మన వైపు చాలామంది ఒక తేడా దగ్గర దెబ్బతింటారు. సిమెంటు, కంకర మీరే తోలించుకుని, మేస్త్రీనీ కూలీలనూ రోజుకూలికి పిలిచి, దగ్గరుండి మీరు చెప్పినట్టు చేయించుకుంటే ఆ తగాదా కమిషన్‌లో నిలవడం కష్టం. యజమాని చెప్పుచేతల్లో చేసే చాకిరీని చట్టం సేవ లెక్కలో వేయదు. మీరు చదరపు అడుగు రేటు మీద, మెటీరియల్‌తో సహా గుత్తగా ఇచ్చారు. ఆ చిక్కు మీకు లేదు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. ఈ మాట రాసినందుకు మా బార్‌లో నన్ను తిట్టుకుంటారు, అయినా నిజం నిజమే.

ఇక అసలు విషయం. కేసును బీటల మీద నడపకండి, మందం మీద నడపండి. బీటకు ఎవరైనా పది కారణాలు చెబుతారు. డెల్టా నల్లరేగడి వేసవిలో కాలువలు కట్టేశాక నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. అడుగున గ్రావెల్ పోసి దిమ్మిస సరిగ్గా కొట్టకపోయినా, పది పన్నెండడుగులకో జాయింటు వదలకపోయినా, కాంక్రీటు కలిపే మిల్లర్‌లో నీళ్లు ఎక్కువ కలిపినా, పోశాక తడిపి ఉంచే క్యూరింగ్ చాలకపోయినా బీటలొస్తాయి. అందులో ఎవరి పాలు ఎంతో చెప్పమంటే ఇద్దరు ఇంజనీర్లు రెండు రకాలుగా చెబుతారు. మందం దగ్గర ఆ వాదన నడవదు. మీ 720 చదరపు అడుగుల్లో ఆరంగుళాలు పోస్తే 360 ఘనపుటడుగుల కాంక్రీటు పడాలి. మూడున్నరే పోస్తే పడింది 210. ఆ తేడాకు నల్లమట్టీ కారణం కాదు, ట్రాక్టరూ కారణం కాదు.

కాకపోతే అంచు దగ్గర మీరు పెట్టిన టేపు ఒక్కటే చాలదు. అంచున పలచబడింది గానీ మధ్యలో ఆరంగుళాలుందని ఆయన తప్పకుండా అంటాడు. అందుకు మందు కోర్ టెస్టు. మెషీన్‌తో రోడ్డులోంచి గుండ్రటి ముక్కలు కోసి తీస్తారు. ముక్క బయటికి రాగానే మందం స్కేలు పెట్టి అందరి ముందూ చూసుకోవచ్చు, బలం ల్యాబ్‌లో తేలుతుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం కనీసం మూడు ముక్కలు తీయాలి. సగటు బలం ఒప్పుకున్న గ్రేడ్‌లో 85 శాతానికి, ఏ ఒక్క ముక్కా 75 శాతానికి తగ్గకూడదు. మీది ఎం20, అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం. కాబట్టి సగటు 17, విడిగా ఏదైనా 15 కన్నా తక్కువ వస్తే పని ఫెయిలైనట్టే. ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు. ముక్కలు మీరొక్కరే తీయించుకుంటే విలువ తగ్గుతుంది. ‘ఫలానా తేదీన తీయిస్తున్నాను, వచ్చి చూసుకో’ అని ఆయనకు ముందే రాతపూర్వకంగా తెలపండి. రాకపోతే ఆయన ఇష్టం. కేసు వేశాక చూసి రిపోర్టు ఇచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ను ఇంజనీరుతో పంపమని కమిషన్‌నే కోరితే ఇంకా గట్టిగా ఉంటుంది.

ట్రాక్టరు సంగతి మాత్రం మీ వకీలు దగ్గర దాచకండి. ఏప్రిల్‌లో పోశారంటే అవి దాళ్వా ధాన్యం ఇంటికొచ్చే రోజులు. కార్లయితే వారం పది రోజులు, లోడు బండ్లయితే 28 రోజులు ఆగాలన్నది పని తెలిసినవాళ్ల లెక్క. ఈలోపే లోడు ట్రాక్టరు ఎక్కించి ఉంటే బీటల వరకు మీ పరిహారం తగ్గుతుంది. క్యూరింగ్‌కూ అంతే. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఎండల్లో పది, బూడిద కలిసే పీపీసీ సిమెంటుకైతే పద్నాలుగు రోజుల దాకా తడి ఆరకుండా ఉంచమని అదే కోడ్ చెబుతుంది. మన దగ్గర జరిగేదేమిటి? ‘రేపట్నుంచి నీళ్లు కొట్టుకోండి బాబాయ్’ అని చెప్పి కాంట్రాక్టరు వెళ్లిపోతాడు. ఆ పని ఎవరిదో కాగితం మీద ఉండదు. ట్రాక్టరు రోజూ వచ్చే ఇల్లని ఆయనకు ముందే తెలుసా, ఆరంగుళాలు అందుకే అడిగారా? అది సాక్షులతో చెప్పగలిగితే ఆయన సాకు చాలావరకు తేలిపోతుంది.

చెక్కు విషయంలో అశ్రద్ధ వద్దు. ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చిన చెక్కు కూడా చెల్లుతుందని, అది బాకీ కోసమే ఇచ్చినట్టు కోర్టు మొదట నమ్ముతుందని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. బ్యాంకులో స్టాప్ పేమెంట్ రాసిచ్చి హాయిగా ఉండే వీలూ లేదు, దానికీ చెక్కు బౌన్సుకు పెట్టే 138 సెక్షన్ క్రిమినల్ కేసు పడుతుంది. అందుకని ఆయన చెక్కు వేయకముందే మీ నోటీసు వెళ్లాలి. పని సరిగ్గా పూర్తయితే ఇవ్వాల్సిన బాకీకే ఆ చెక్కు ఇచ్చాననీ, పని ఇలా ఉంది కాబట్టి ఆ బాకీ లేదనీ, బ్యాంకులో వేయొద్దనీ అందులో స్పష్టంగా రాయండి. వేసి బౌన్సయి ఆయన నుంచి నోటీసొస్తే, డబ్బు కట్టడానికి చట్టమిచ్చే 15 రోజుల్లోపే జవాబివ్వండి. నన్నడిగితే ఇంకో దారి కూడా ఉంది. చేతిలో వెసులుబాటుంటే ఖాతాలో 28 వేలు ఉంచండి. చెక్కు పాసైతే అభ్యంతరంతోనే పోయిందని రాసి, ఆ మొత్తాన్ని కూడా కమిషన్‌లో తిరిగి అడగండి. క్రిమినల్ కోర్టు వాయిదాల టెన్షన్ కన్నా ఇది నయం.

మీ అబ్బాయి చెప్పిన చీటింగ్ కేసు నాకు నచ్చలేదు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్‌కు, ఒప్పుకున్న రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. పని చెడగొట్టినంత మాత్రాన అది రాదు. స్టేషన్‌లో ‘సివిల్ మేటర్’ అని రాసిచ్చి పంపేస్తారు, ఆ కాగితమే రేపు ఆయన మీ మీద చూపిస్తాడు. మనుషుల్ని వేసుకుని ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే అది వేరే సంగతి, అప్పుడు వెళ్లండి.

నోటీసు స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. అందులో 30 రోజుల గడువిచ్చి రోడ్డు తిరిగి వేయమనండి. ఆ 30 రోజులు ఊరికే చెప్పిన అంకె కాదు. 2018లో మారిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, కనీసం 30 రోజుల రాతపూర్వక నోటీసిచ్చాక మీరు అదే పనిని వేరేవాళ్లతో చేయించుకుని ఆ ఖర్చు మొదటివాడి దగ్గర అడగవచ్చు. పగలగొట్టాలన్న మీ కోరిక తీరేది అప్పుడు, కోర్ రిపోర్టు చేతికొచ్చాక. నోటీసు అందగానే ఊరి పెద్దమనుషుల్ని పంపిస్తాడు, రానివ్వండి. రాజీ కుదిరితే ఎంత మందం, ఏ తేదీలోపు, డబ్బు ఎంత వెనక్కి అన్నది రాయించుకోండి. పని మళ్లీ చేయకముందే ‘ఇక ఏ లావాదేవీ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. వీలైతే ఆ రాజీని మండల న్యాయ సేవాధికార కమిటీ ద్వారా లోక్ అదాలత్‌లో అవార్డుగా మార్చుకోండి. అది కోర్టు డిక్రీతో సమానం, ఎగ్గొడితే అమలు చేయించుకోవచ్చు.

ఇలాంటి పని ఇవ్వబోతున్న మిగతా పాఠకులు బాండు పేపర్ కోసం పరుగెత్తక్కర్లేదు. తెల్లకాగితం మీద మందం, గ్రేడ్, అడుగున గ్రావెల్ పోయాలా బొండు ఇసుక పోయాలా, జాయింట్లు ఎన్ని, నీళ్లు కొట్టేది ఎవరు, ఎన్నాళ్లు, ట్రాక్టరు తిరుగుతుందా లేదా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. పదో వంతు డబ్బు ఒక వర్షాకాలం దాటేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. చెక్కు మాత్రం ముందే ఇవ్వకండి. కాంక్రీటు పోసేరోజు పక్కచెక్క దగ్గర స్కేలు పెట్టి రెండు ఫొటోలు తీస్తే ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండదు.

చివరగా మీకు. కేసు తేలేదాకా రోడ్డును అలా వదిలేయకండి. తగ్గించుకోగలిగి తగ్గించుకోని నష్టాన్ని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద కోర్టు లెక్కలో తీసేస్తుంది. టేపు కనిపించేలా అంచు ఫొటోలు, వీడియో తీశాకే బోదె వైపు మట్టి నింపి, నాలుగు రాళ్లు పేర్చి నీటికోత ఆపండి. వాననీరు రోడ్డు మీద నిలవకుండా పక్కకు దారి తీయండి. బీటల్ని సిమెంటు పాలతో పూడ్చకండి, కోర్ ముక్కలు తీసేదాకా వాటిని ముట్టుకోవద్దు. సార్వా ధాన్యం వచ్చేనాటికి ట్రాక్టరును గేటు బయటే ఆపి బస్తాలు మోయించండి. ఆ కూలి బిల్లు కూడా దాచండి, పరిహారంలో అడగవచ్చు.