బ్యాగ్ కీప్, టోకెన్ కీప్

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర యాత్రికుల సామాన్లు దాచిపెట్టే చిన్న అంగడి మాది. మొన్న గుజరాత్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు బల్ల చూపించి ‘కీప్ బ్యాగ్’ అన్నాను. పెట్టింది. చేతికి టోకెన్ ఇచ్చి ‘కీప్ టోకెన్’ అన్నాను. దాన్ని కూడా అదే బల్ల మీద పెట్టేసి కొండకు పోయింది. సాయంత్రం వచ్చినాక టోకెన్ ఏదమ్మా అంటే నా మీదే కోప్పడింది. తప్పు నాదా, ఆమెదా? గుజరాతీ వాళ్ళకు ఈ కీప్ ఎట్లా చెప్పాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తప్పు మీదేనండీ. ఆవిడ మంచి విద్యార్థి. కీప్ అంటే బల్ల మీద పెట్టడం అని మొదట మీరే నేర్పారు, రెండోసారి నేర్పిన పాఠమే అప్పజెప్పింది.

మనకు పెట్టడం వేరు, ఉంచడం వేరు, ఉంచుకోవడం వేరు. తెలుగులో ఎప్పుడూ తడబడం. ఇంగ్లీషు నోట్లోకి రాగానే మూడింటికీ కీప్ అనేస్తాం. ‘పాలు ఫ్రిజ్‌లో కీప్’, ‘చెప్పులు బయట కీప్’. నేనూ అన్నదాన్నే. ఇంగ్లీషువాళ్ళు పెట్టడానికి పుట్ అంటారు. పెట్టింది అక్కడే ఉండాలంటే, మన దగ్గరే ఉండాలంటే కీప్. అనుమానం వస్తే ‘ఎంతసేపు?’ అని అడిగి చూడండి. బ్యాగ్ బల్ల మీద పెట్టడం ఎంతసేపు? అది అడగదగ్గ ప్రశ్నే కాదు, కాబట్టి పుట్. టోకెన్ ఎంతసేపు? తిరిగొచ్చేదాకా. కాబట్టి కీప్. ‘సాయంత్రందాకా కీప్ చేసుకోవచ్చు’ అని మీరు బోర్డు రాయిస్తే దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు, గడువు ఉంది గదా.

ఇక గుజరాతీ. మా ఆయన ఉద్యోగం వల్ల సూరత్‌లో పదమూడేళ్ళు కాపురం చేశాం. వాళ్ళకూ మనలాగే రెండు మాటలున్నాయి. పెట్టడానికి ‘మూక్’, ఉంచడానికి ‘రాఖ్’. మూకో అంటే పెట్టండి, రాఖో అంటే ఉంచండి, ఉంచుకోండి. మీరు ఆ పెద్దావిడతో బ్యాగ్ చూపించి మూకో, టోకెన్ ఇచ్చి రాఖో అని ఉంటే గొడవే లేదు.

అయితే ఈ రెండూ కలిసి వస్తే కొంప ముంచుతాయి. సూరత్‌కు కొత్తగా వెళ్ళినప్పుడు, పక్కింటి బెన్ (వాళ్ళు ఆడవాళ్ళను అక్కా అన్నట్టు పిలిచే మాట) పుట్టింటికి పోతూ ఒక గాజు సీసా నా చేతిలో పెట్టింది. లోపల ఛుందో. పచ్చిమామిడి తురిమి, చక్కెర కలిపి ఎండలో పాకం వచ్చేదాకా పెడతారు, ఏడాది నిలవ ఉంటుంది. ఆవిడ ఏదో గబగబా చెప్పింది, నా చెవిన పడింది ‘రాఖీ’ ఒక్కటే. రాఖో తెలుసు గనక, ఉంచుకోమంటోంది పాపం, ఎంత మంచిది అనుకున్నాను. దోసెల్లోకి అద్భుతంగా ఉండింది. పది రోజుల్లో సీసా అడుగు కనిపించింది. ఆవిడ అన్నది ‘రాఖీ మూక్‌జో’ అట. అంటే పక్కన తీసి ఉంచండి, మళ్ళీ వచ్చి తీసుకుంటాను అని. ఆ నెల మామిడికాయలు కొని, తురిమి, మా డాబా మీద ఎండబెట్టి సీసా నింపి ఇచ్చాను. నాకు మూక్, రాఖ్ తేడా అట్లా వచ్చింది.

ఇంగ్లీషు కీప్ చేసే పనులన్నీ రాఖ్ ఒక్కటే చేయలేదు. మాట నిలబెట్టుకోవడం కీపే, గుజరాతీలో మాత్రం ‘పాళ్‌వుం’. ఆవును పెంచుకోవడానికీ అదే మాట. జాగ్రత్తగా దాచడం ‘సాచవ్‌వుం’. థేప్లాలు, అంటే వాళ్ళ మసాలా రొట్టెలు, ప్రయాణంలో పాడవకుండా నిలవ ఉంటే వాటికి ‘టకే’ అంటారు. అదీ ఇంగ్లీషులో కీపే. దర్శనం క్యూలో మనం ‘జరగండి, జరగండి’ అనేదాన్ని ఇంగ్లీషులో ‘కీప్ మూవింగ్’ అంటారు. ఈ కీప్‌లో పెట్టడమూ లేదు, దాచడమూ లేదు, ఆగకుండా చేస్తూ ఉండడమే. గుజరాతీలో ‘చాల్‌తా రహో’. ఇక్కడ రాఖ్ అంటే నవ్వుతారు.

మన ఊళ్ళలో ‘కీప్’ను నామవాచకంగా ఏ అర్థంలో వాడతారో మీకు తెలుసు. దానికి తెలుగులో ‘ఉంచుకున్నది’ అన్నారు, గుజరాతీలో రాఖ్ నుంచే ‘రఖాత్’ పుట్టింది. మూడు భాషల మగవాళ్ళకూ ఆ విషయంలో ఒకే క్రియ దొరికింది! ఆడవాళ్ళకు టోకెన్ ఇచ్చేటప్పుడు ‘కీప్, కీప్’ అని ఒట్టి మాట అరవకండి, వెనకాల టోకెన్ అని చేర్చండి.

మీ బోర్డు మీద గుజరాతీలో రెండే వాక్యాలు రాయించండి. ‘బ్యాగ్ అహీఁ మూకో’, ‘టోకెన్ సాచవ్‌జో’. రెండోదానికి నేను రాఖో బదులు సాచవ్‌జో ఎంచుకున్నాను. పోగొట్టుకోవద్దు, భద్రం అని అమ్మ చెప్పినట్టు ఉంటుంది. ఇంగ్లీషు బోర్డు కూడా కావాలంటే బ్యాగ్‌కు కీప్, పుట్ రెండూ వద్దు, ‘లీవ్’ అనండి. పెట్టి వెళ్ళండి అని. వాళ్ళూ అచ్చం అట్లాగే ‘మూకీ జావ్’ అంటారు. బోర్డు రాసే అతనికి ఒక మాట చెప్పండి, గుజరాతీ అక్షరాలకు హిందీలో లాగా పైన గీత ఉండదు. అలవాటు కొద్దీ గీసేస్తాడు.

ప్రశ్న: మా వియ్యపురాలిది అహ్మదాబాద్. మేం బయల్దేరేటప్పుడు ‘ఐ విల్ పుట్ యూ ఎట్ స్టేషన్’ అంటుంది. నవ్వు ఆపుకోలేకపోతున్నాం. సరిదిద్దాలంటే మొహమాటం.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఆవిడ మనసులో ఉన్నది ‘స్టేషన్ మూక్‌వా ఆవీశ్’. మీరు తెలుగులో ‘స్టేషన్లో దిగబెడతాను’ అనరూ? ఆ దిగబెట్టడంలో ఉన్నదీ పెట్టడమే. ఇంగ్లీషులో ఇక్కడ డ్రాప్ అనాలి. సరిదిద్దడం ఎందుకు, ఈసారి ఆవిడ నోరు తెరవకముందే ‘కెన్ యూ డ్రాప్ అజ్?’ అని మీరే అడగండి.