నీటి చక్రం బొమ్మ మూసేసి, ఒక గ్లాసు తీయండి

"మూడో తరగతి పాపకి నీటి చక్రం ఎలా చెప్పాలి, మంచి వీడియో ఉంటే చెప్పండి" అని అడిగారు. వీడియో వద్దండి. ఆ బొమ్మ కూడా వద్దు. అదే, ఒక మూల సముద్రం, పైన దూది మబ్బు, పక్కన కొండ, చుట్టూ నీలం బాణాలు. చిన్నప్పుడు నేనూ గీశాను, మార్కులూ పడ్డాయి. కానీ గాలిలో నీళ్లుంటాయని నేనెప్పుడూ నమ్మలేదు. రాశానంతే. ఆ సంగతి మా అమ్మాయి అడిగేదాకా నాకే తెలియదు.

దానికప్పుడు ఎనిమిదేళ్లు. మర్నాడు పరీక్ష. బాష్పీభవనం (నీరు ఆవిరవడం), సాంద్రీకరణ (ఆవిరి మళ్లీ నీరవడం), అవపాతం (అది వానలా కింద పడటం) అని ఎక్కాల్లా అప్పజెప్పేస్తోంది, నాకు ముచ్చటేసింది. మధ్యలో ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్లు గ్లాసులో పోసుకుని పుస్తకం మీద పెట్టింది. కాసేపటికి పుస్తకం తడిసింది.

"అమ్మా, ఈ గ్లాసు కారుతోంది."

"కారట్లేదు. అది సాంద్రీకరణ. ఇప్పుడేగా అప్పజెప్పావు."

నా వంక జాలిగా చూసింది. "అది మబ్బుల దగ్గర కదా జరిగేది!"

నిజమే మరి. బొమ్మలో ఆ మాట మబ్బు పక్కనే రాసి ఉంటుంది.

గ్లాసుకి కంటికి కనపడని చిల్లు ఉందని దాని వాదన. ఎంత చెప్పినా వినదు. చివరికి నీళ్ల రంగుల పెట్టె తెచ్చి గ్లాసు నీళ్లలో ఎరుపు కలిపాను. చిల్లుంటే బయటికొచ్చేవీ ఎర్రగానే ఉండాలి కదా అన్నాను. ఒప్పుకుంది. గ్లాసు శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టి, ఇద్దరం దొంగని కాపలా కాసినట్టు కూర్చున్నాం. ఐదు నిమిషాలు కాలేదు, మళ్లీ చెమర్చింది. వేలితో ఆ తడి తీసి తెల్లకాగితానికి రాసింది. రంగు లేదు. అయినా వదిలితేనా! పక్కన ఇంకో గ్లాసు ఖాళీది పెట్టించింది. అది పొడిగానే ఉంది. "అయితే చల్లగా ఉంటేనే పడతాయన్నమాట" అని తనే అనుకుని, ఆ తర్వాత మెల్లిగా గదంతా కలియజూసి అడిగింది: "అంటే ఇప్పుడు మనం నీళ్లలో కూర్చున్నామా?"

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆరేసిన బట్టల్లో నీళ్లు ఎటు పోయాయి, తుడిచిన నేల మీద తడి ఎటు పోయింది, మరగకుండానే ఎలా పోయింది. మరిగితేగానీ ఆవిరి రాదనుకోవడం పుస్తకంలోని కెటిల్ బొమ్మ పుణ్యం. ఆ బొమ్మలో ఇంకో తప్పుంది. కెటిల్ మూతి దగ్గర తెల్లగా కనిపించేది ఆవిరి కాదు, అప్పటికే చల్లబడి సన్నటి బిందువులైన నీళ్లు. అసలు ఆవిరి మూతికీ ఆ తెలుపుకీ మధ్య ఏమీ లేనట్టు కనిపించే వేలెడు జాగాలో ఉంటుంది. దూరంగా నిలబెట్టి చూపించండి, కాలుతుంది.

బాణాల బొమ్మ మీద నా కోపానికి మరో కారణం కూడా ఉంది. అందులో సముద్రం మీద లేచిన మబ్బులన్నీ వరుసగా కొండ దగ్గరికే నడుస్తాయి. నిజానికి సముద్రం నుంచి లేచిన ఆవిరిలో దాదాపు తొంభై శాతం మళ్లీ సముద్రం మీదే కురుస్తుంది. నేల మీదకొచ్చేది పదోవంతు. పైగా చినుకుని కన్నీటి బొట్టులా తోకతో గీస్తారు. చిన్న చినుకులు గుండ్రంగా ఉంటాయి, పెద్దవి అడుగున అణిగి ఉంటాయి, తోక దేనికీ ఉండదు. చినుకుల సైజు చూపించాలంటే పళ్లెంలో పొడి పిండి పరిచి రెండు సెకన్లు వానలో పెట్టి తీయండి, ఉండలు కడతాయి. ఇది నా తెలివి కాదు, అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు ఇలా చినుకులు కొలిచి 1904లోనే ప్రచురించాడు.

మన భాష మీద కూడా నాకో ఫిర్యాదుంది. గడ్డి మీద ఉన్నదీ మంచే, దారి కనపడనివ్వనిదీ మంచే, కొండల మీద తెల్లగా పరుచుకునేదీ మంచే. పుస్తకంలో "అవపాత రూపాలు: వాన, వడగళ్లు, మంచు" అని ఉంటే పిల్ల గడ్డి మీది మంచు అనుకోక ఏమనుకుంటుంది? అది పైనుంచి పడేదే కాదు. రాత్రి గడ్డి చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలిలోని ఆవిరి అక్కడికక్కడే నీరవుతుంది, అచ్చం మా గ్లాసులాగే. "వాతావరణం" సంగతి ఇంకా ఘోరం. ఇవాళ్టి ఎండావానా వాతావరణమే, భూమి చుట్టూ ఉన్న గాలీ వాతావరణమే. పొద్దున ఎండ కాసి సాయంత్రం వాన పడితే అది వాతావరణ మార్పు అని మా అమ్మాయి రాసింది, టీచరుగారు టిక్కు పెట్టారు. మారేది ఒక్క రోజు ఎండావానా కాదు, ఏళ్ల తరబడి ఉండే తీరు. దానికి శీతోష్ణస్థితి అనే మంచి మాట పుస్తకంలోనే పడి ఉంది, ఎవరి నోటికీ రాదు.

మీ అసలు ప్రశ్న మర్చిపోలేదండి. గ్లాసు అయ్యాక వాన కొలవడం మొదలెట్టించండి. మేం మొదట సీసా మీద గరాటు పెట్టి అభాసుపాలయ్యాం. ఓ మోస్తరు వానకే 88 మిల్లీమీటర్లు చూపించింది, మా అమ్మాయి వరదలొస్తాయని ఇంట్లో అందరినీ హడలెత్తించింది. గరాటు మూతి 12 సెంటీమీటర్లు, సీసా 6. వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు కదా, అసలు వాన 22 మిల్లీమీటర్లే! ఇప్పుడు గరాటు లేదు, పై నుంచి కింద దాకా ఒకే వెడల్పున్న డబ్బా, పక్కన స్కేలు. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి లీటరు నీళ్లు, ఆ లెక్క కూడా తనే వేసుకుంటుంది.

రెండేళ్లుగా ఒక్క వాన కూడా వదలకుండా రాస్తోంది. మొన్న శీతోష్ణస్థితి తేల్చడానికి 30 ఏళ్ల లెక్కల సగటు చూస్తారని, ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 వరకు అని చెప్పాను. నోట్‌బుక్ తిరగేసి చూసుకుని, "ఇంకా ఇరవై ఎనిమిదేళ్లా? అప్పటికి డబ్బా ఉంటుందా అమ్మా?" అంది.