ఒకే జాతి ముక్కలు పడితే ఆడాల్సిందేనా?

ఇస్పేటు రాజు, ఇస్పేటు ఆరు లాంటివి పడ్డప్పుడల్లా ‘ఒకే జాతి కదా’ అని దిగుతున్నానని, చిప్స్ కరిగిపోతున్నాయని రాశారు. తేడా అక్కడే వస్తోందండీ. టెక్సస్ హోల్డెమ్ పోకర్‌లో (చేతిలో 2 ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా 5) జాతి కలవడం కొసరు మాత్రమే. (రమ్మీలో సీక్వెన్స్‌కు జాతి తప్పనిసరి కాబట్టి మనవాళ్లకు ఈ మోజు ఎక్కువ.)

లెక్క చూడండి. చేతిలో రెండూ ఒకే జాతివైనా ఫ్లాప్‌లోనే (బల్ల మీద మొదట తెరిచే 3 ముక్కలు) ఫ్లష్ (ఒకే జాతివి 5 ముక్కలు) పూర్తయ్యేది దాదాపు 119 సార్లకు ఒక్కసారి. ఫ్లాప్ పడేసరికి ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువగా నిలిచేది సుమారు 11 శాతం. అక్కడి నుంచి రివర్ (బల్ల మీది చివరి, అయిదో ముక్క) దాకా ఉంటే 35 శాతం సార్లు తగులుతుంది, కానీ అందాకా ఎవరూ ఉచితంగా చూడనివ్వరు. ఆసు-రాజు ఒకే జాతివైతే, తెలియని ఒక చేతి మీద గెలుపు వాటా సుమారు 67 శాతం, వేరే జాతులైతే 65. ఇంతే తేడా!

రాజు-ఆరుతో ఇంకో చిక్కుంది: ఫ్లష్ పడినా, అదే జాతి ఆసు ఉన్నవాడు ఉంటే పెద్ద మొత్తమే పోతుంది. రాజు మీద జత పడితే ఆరు కిక్కర్‌గా (జతలు సమానమైతే గెలుపు తేల్చే పక్క ముక్క) పనికిరాదు. ముందుగా ఆడాల్సిన వంతు మీదైతే పడేయండి. అందరూ వదిలేసి బటన్ మీద (ఫ్లాప్ తర్వాత చివరగా ఆడే స్థానం) మీరుంటే రెయిజ్ చేయొచ్చు, అంటే పందెం పెంచొచ్చు. ఆసుతో కలిసిన చిన్న ముక్క, తొమ్మిది-ఎనిమిది లాంటివి ఒకే జాతివైతే నయం.

ఇస్పేటు ఫ్లష్ ఆటీను ఫ్లష్‌ను కొడుతుందా అన్నారు. హోల్డెమ్‌లో జాతులకు పెద్దాచిన్నా లేదు. పైగా ఒకే ఆటలో రెండు జాతుల ఫ్లష్‌లు అసాధ్యం: ఒక్కోదానికి బల్ల మీద కనీసం 3 ముక్కలు కావాలి, ఉండేవి 5.